ఇంటర్న్‌షిప్‌కి పిలిచినవాళ్ళే గది సంగతి కూడా చూడాలి

విదేశంలో ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్లు నా దగ్గరికి బాగానే వస్తుంటాయి, జూనియర్లు పంపిస్తారు, అక్కా ఒకసారి చదివి చెప్పవా అని. అందులో పని ఏంటి, గైడ్ ఎవరు, వారానికి ఎన్ని గంటలు, డేటా బయట ఎవరికీ చెప్పకూడదు, వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ అప్పగించాలి, ఇవన్నీ పేజీలకి పేజీలు ఉంటాయి. ఉండటానికి చోటు గురించి మాత్రం ఎక్కడో చివర్లో ఒక్క లైను, వసతి ఏర్పాటు విద్యార్థి బాధ్యత అని. ఆ లైను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో వివరంగా రాద్దామనే ఈ పోస్టు, కాస్త పెద్దదే అవుతుంది.

పిలిచినవాళ్ళు పీట కూడా వెయ్యాలి, నేననేది ఇదే. అద్దె కూడా వాళ్ళే కట్టాలని అనట్లేదు, కడితే మంచిదే. రెండు మూడు నెలల కోసం తెలియని దేశం వచ్చే ఇరవయ్యేళ్ళ మనిషికి తక్కువలో గది దొరకకపోవటానికి చాలాచోట్ల అసలు కారణం గదులు లేకపోవటం కాదు. గది ఉన్నవాళ్ళకి ఈ వచ్చేది ఎవరో తెలీదు, వచ్చేవాళ్ళకి ఆ గది నిజంగా ఉందో లేదో తెలీదు. ఈ రెండూ తెలుసుకోగలిగే స్థితిలో ఉన్నది ఇంటర్న్‌షిప్ ఇస్తున్న ల్యాబో కంపెనీయో ఒక్కటే. విద్యార్థి గురించి వాళ్ళకి ముందే తెలుసు, ఇంటర్వ్యూ చేసి మరీ తీసుకున్నారు. ఊరు వాళ్ళదే. అలాంటివాళ్ళు ఒక మాట సాయం చేస్తే తేలిపోయే పని, వేల మైళ్ళ అవతల ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్ల మీద వేసి మాకు సంబంధం లేదంటే ఎలా?

ముందు అసలు తక్కువ కాలానికి అద్దె ఎందుకంత ఎక్కువో చూద్దాం, ఎందుకంటే అది అర్థం కాకపోతే వెతకాల్సిన చోట వెతకం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ లెక్క ఏడాదికి, రెండేళ్ళకి ఉంటుంది. మనిషి మారిన ప్రతిసారీ శుభ్రం చేయించాలి, ప్రకటన వెయ్యాలి, కొన్నాళ్ళు ఖాళీగా పడి ఉంటుంది, అదంతా కలిపి మూడు నెలల మనిషి నెత్తిన పడుతుంది. పైగా మంచం, గిన్నెలు, ఇంటర్నెట్ అన్నీ అమర్చి ఉండాలి. చట్టాలు కూడా ఈ మూడు నెలల మనిషి వైపు పెద్దగా లేవు. జర్మనీలో గిరాకీ ఎక్కువున్న నగరాల్లో కొత్త అద్దెలకి ఒక పరిమితి ఉంది, కానీ తాత్కాలిక వాడకానికి ఇచ్చే ఇళ్ళకి ఆ పరిమితి వర్తించదు, అందుకే అదే వీధిలో అదే సైజు గది ఫర్నిచర్‌తో మూడు నెలలకి అంటే అంత తేడా వస్తుంది. సింగపూర్‌లో ఇంకో రకం చిక్కు, అక్కడ ప్రైవేటు అపార్ట్‌మెంట్ కనీసం 3 నెలలకి ఇవ్వాలి, ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లలో గది అయితే కనీసం 6 నెలలు, అంటే రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళినవాళ్ళకి ఎవరైనా హెచ్‌డీబీలో గది చవగ్గా ఇస్తామన్నారంటే అది నిబంధనకి విరుద్ధంగా ఇస్తున్నట్టే, పట్టుబడితే మధ్యలో బయటికి రావాల్సి రావచ్చు. జపాన్‌లో మామూలు అద్దె ఇంటికి డిపాజిట్ కాక రేకిన్ అని ఓనర్‌కి తిరిగిరాని డబ్బు ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది, దానికి తోడు హామీ ఉండే కంపెనీకి ఫీజు, ఇదంతా మూడు నెలల కోసం ఎవరు కడతారు? అందుకే అక్కడికి వెళ్ళేవాళ్ళు షేర్ హౌస్‌లూ, మంత్లీ మాన్షన్‌లూ (నెలల లెక్కన ఇచ్చే, సామాను అమర్చిన చిన్న ఫ్లాట్లు) చూస్కుంటారు.

అంటే తక్కువ కాలానికే అని ప్రత్యేకంగా ఇచ్చే గదుల మార్కెట్లో చవక అనేది ఉండటం కష్టం. చవక ఉండేది ఇంకెవరిదో పొడుగు అగ్రిమెంట్ లోపల. ఏడాది అద్దెకి తీసుకున్న స్టూడెంట్ వేసవికి ఇంటికెళ్తుంది, లేదా ఒక సెమిస్టర్ ఇంకో దేశం పోతుంది, ఆ గది ఖాళీ, అద్దె మాత్రం కడుతూనే ఉండాలి. ఆ మనిషికి లాభం అక్కర్లేదు, తను కట్టేది తనకి వస్తే చాలు. హాస్టళ్ళ సంగతి కూడా అంతే. అమెరికాలో మే నుంచి ఆగస్టు దాకా డార్మ్‌లు చాలావరకు ఖాళీ, అందుకే న్యూయార్క్‌లో ఎన్‌వైయూ, వాషింగ్టన్‌లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటివి వేసవిలో బయటినుంచి వచ్చే ఇంటర్న్‌లకి కూడా గదులిస్తాయి. లండన్‌లో ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) హాస్టళ్ళు సెలవుల్లో బయటివాళ్ళకి తెరుస్తారు. జర్మనీలో క్యాలెండర్ వేరు, సమ్మర్ సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్‌లో మొదలై జులై మధ్య దాకా నడుస్తాయి, కాబట్టి జూన్‌లో దిగే ఇంటర్న్‌కి గదులు కనిపించవు, అదే ఆగస్టు సెప్టెంబర్‌లో అయితే ఖాళీ అయ్యేవి చాలా ఎక్కువ. (మ్యూనిక్ మాత్రం సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు పండగ వల్ల మళ్ళీ ఇరుకే.) ఇంటర్న్‌షిప్ జూన్ 1న మొదలవ్వాలా ఆగస్టు 1న మొదలవ్వాలా అనేది చాలా ల్యాబుల్లో గైడ్ చేతిలో ఉండే విషయం, ఆ ఒక్క తేదీ అద్దెని ఎంత మారుస్తుందో పిలిచేవాళ్ళు ఆలోచించరు. ఆ ఊరి క్యాలెండర్ తెలిసింది వాళ్ళకి, ఇంకో ఖండంలో ఉన్న స్టూడెంట్‌కి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను కళ్ళారా చూసింది చెప్తాను. నేను జర్మనీలో గొట్టింగెన్‌లో చదువుకునే రోజుల్లో ఒక వేసవి నా గదిని సబ్‌లెట్‌కి పెట్టాను, అంటే నేను అద్దెకున్న గదినే ఆ కొన్నాళ్ళకి ఇంకొకరికి అద్దెకివ్వటం. నలుగురం ఉండే ఫ్లాట్, నాది వెనకవైపు చిన్న గది, మంచం, బల్ల, కిటికీ పక్కన అల్మరా. ఓనర్ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీస్కుని (జర్మనీలో సబ్‌లెట్‌కి ఓనర్ ఒప్పుకోలు కావాలి, అది లేకుండా ఇస్తే ఇచ్చినవాళ్ళ అగ్రిమెంట్‌కే ఎసరు) నేను కట్టే అద్దెకే ఇస్తానని ప్రకటన పెట్టా. సాయంత్రానికి ఇన్‌బాక్స్ నిండిపోయింది. సగం మెసేజీలు ఒకేలా ఉన్నాయి, గది ఇంకా ఉందా, నేను శుభ్రంగా ఉంటాను, పొగ తాగను, ఒకే మూస, ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఒక్కొక్కరి పేరు నెట్‌లో కొట్టి చూసే ఓపిక ఎవరికుంటుంది, ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ ఉండాల్సినవాళ్ళు, వాళ్ళ వంటగది, వాళ్ళ బాత్‌రూమ్, ఎవరో తెలియని మనిషిని తెచ్చిపెట్టి నేను విమానం ఎక్కేస్తే బాగోదు కదా.

అందులో ఒక అమ్మాయి మెసేజ్‌కి కింద తన గైడ్ రాసిన మెయిల్ ఉంది. రెండు వాక్యాలే. ఈమె ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మా గ్రూప్‌లో పని చేస్తుంది, స్టైపెండ్ మేమిస్తున్నాం, ఏదైనా అడగాలంటే నా ఆఫీసు నంబర్ ఇది. మర్నాడు ఆ గ్రూప్‌లో పీహెచ్‌డీ చేసే ఒకతను వచ్చి గది చూసి ఫోటోలు తీస్కుని, కిటికీ తలుపు సరిగ్గా పడుతుందో లేదో రెండుసార్లు వేసి చూసి, ఫ్లాట్‌మేట్స్‌తో కాసేపు మాట్లాడి వెళ్ళాడు. అంతే, ఆ గది ఆ అమ్మాయికే. మిగతావాళ్ళలో తనకంటే మంచివాళ్ళు, తనకంటే అవసరంలో ఉన్నవాళ్ళు లేరని కాదు, ఖచ్చితంగా ఉండే ఉంటారు, వాళ్ళ గురించి నాకు చెప్పేవాళ్ళు లేరు. ఆ ప్రొఫెసర్‌కి ఆ మెయిల్ రాయటానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆ కాసేపు ఖర్చుపెట్టని గైడ్‌ల ఇంటర్న్‌లు ఆ వేసవి ఎక్కడున్నారో, ఎంత కట్టారో నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఆలోచనేం కాదు, వందేళ్ళ నాటిది. 1909లో న్యూయార్క్‌లో హ్యారీ ఎడ్మండ్స్ అనే వైఎంసీఏ ఉద్యోగి కొలంబియా యూనివర్సిటీ మెట్ల దగ్గర ఒక చైనా విద్యార్థిని మామూలుగా పలకరిస్తే, ఈ ఊరొచ్చి మూడు వారాలైంది, నాతో మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే అన్నాడట. ఆ మాట మనసుకి పట్టి ఎడ్మండ్స్ విదేశీ విద్యార్థుల కోసం మొదలుపెట్టిన పని, తర్వాత జాన్ డి రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో 1924లో ఇంటర్నేషనల్ హౌస్ అనే విద్యార్థుల వసతిగృహం అయింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1930లో ఇంకోటి కట్టారు. ఆ రోజుల్లో బర్క్‌లీలో తెల్లవాళ్ళు కాని విద్యార్థులకి గది ఇచ్చేవాళ్ళే తక్కువ, కడతామంటే చుట్టుపక్కల వాళ్ళు అభ్యంతరం పెట్టారు, అయినా కట్టారు. పారిస్‌లో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విద్యామంత్రిగా చేసిన ఆంద్రే ఒనొరా పూనుకుని మొదలైన సిటే ఇంటర్నేషనల్ యూనివర్సిటేర్ అనే విద్యార్థి నివాసాల సముదాయంలో మొదటి భవనం 1925లో తెరిచారు, ఇప్పటికీ అక్కడ అనేక దేశాల విద్యార్థులూ పరిశోధకులూ ఉంటున్నారు. వీళ్ళందరికీ అర్థమైంది ఒకటే, బయటి దేశం నుంచి వచ్చిన విద్యార్థిని ఊరి ఇళ్ళవాళ్ళ దయకి వదిలేస్తే కుదరదు, మధ్యలో పూచీ పడే సంస్థ ఒకటి ఉండాలి.

ఇంటర్న్‌షిప్‌ల విషయంలోనే ఉదాహరణ కావాలంటే ఐఏఈఎస్‌టీఈ ఉంది, 1948లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మొదలైంది, టెక్నికల్ విద్యార్థుల్ని దేశాల మధ్య ట్రైనింగ్‌కి పంపే సంస్థ. అక్కడ పద్ధతి ఏంటంటే విద్యార్థి వెళ్ళే ఊళ్ళో ఉండే స్థానిక కమిటీ వసతి చూస్తుంది, ఆ కమిటీల్లో ఎక్కువమంది వాలంటీర్లే, వాళ్ళూ విద్యార్థులే. జపాన్‌లో ఒకినావాలోని ఓఐఎస్‌టీ అనే పరిశోధనా యూనివర్సిటీ రీసెర్చ్ ఇంటర్న్‌లకి ఉండటానికి చోటు ఇస్తుంది, సౌదీలో కౌస్ట్ అనే యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఇస్తుంది. ఆ రెండూ బాగా డబ్బున్న సంస్థలు, మాకు అంత లేదు అంటారు, సరే ఒప్పుకుంటా. మరి ఐఏఈఎస్‌టీఈ కమిటీలో ఉన్న వాలంటీర్ స్టూడెంట్‌కి ఏ డబ్బుంది?

అసలు ఇదే ఎక్కువగా వినిపించే అభ్యంతరం. మేం పరిశోధన చేసేవాళ్ళం, హాస్టల్ నడిపేవాళ్ళం కాదు అని. హాస్టల్ నడపమని ఎవరూ అడగట్లేదు. డిపార్ట్‌మెంట్ మెయిలింగ్ లిస్టుకి ఒక మెయిల్, ఈ తేదీల్లో మాకు ఇంటర్న్ వస్తోంది, గది ఖాళీ అయ్యేవాళ్ళు ఉంటే చెప్పండి అని. ఓనర్‌కి చూపించుకోటానికి తేదీలు, స్టైపెండ్, ఫోన్ నంబర్ ఉన్న లెటర్. హాస్టల్ ఆఫీసుకి ఒక ఫోను, ఎందుకంటే బయటి విద్యార్థి రాస్తే రాని జవాబు అదే యూనివర్సిటీ లోపలినుంచి అడిగితే వస్తుంది. గది ఖరారు చేసే ముందు ఎవరో ఒకరు వెళ్ళి ఒకసారి చూసి రావటం. వీటిలో డబ్బుతో పనున్నది ఏదీ లేదు, వేసవికి ఒక మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నం కూడా లేదంటే ఆ ఇంటర్న్‌కి పని నేర్పటానికి టైమ్ ఎక్కడినుంచి తెస్తారు, ఇది నిజంగా అడుగుతున్నా.

డబ్బుతో పనున్నది ఒకటుంది, అది మాత్రం గట్టిగా అడగాలి. స్టైపెండ్ నెలాఖరున వస్తుంది. గదికి మొదటి నెల అద్దె, డిపాజిట్ దిగేముందే కట్టాలి. విమానం టికెట్టూ వీసా ఖర్చూ అప్పటికే అయిపోయి ఉంటాయి. అంటే ఇంటర్న్‌షిప్ మొత్తం మీద లెక్క సరిపోయినా సరే మొదటి నెలన్నర మాత్రం చేతిలో డబ్బున్న ఇంటి పిల్లలే తట్టుకోగలరు, అర్హత ఉండి, సీటొచ్చి, ఈ ఒక్క కారణంతో వద్దనుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు గైడ్‌కి రాసే మెయిల్‌లో అసలు కారణం రాయరు, వ్యక్తిగత కారణాలు అని రాస్తారు, అందుకే పిలిచినవాళ్ళకి ఈ సమస్య ఉన్నట్టే తెలీదు. మొదటి నెల స్టైపెండ్‌లో సగం ముందే ఇవ్వటం ఏ అకౌంట్స్ ఆఫీసుకైనా తలకి మించిన పని కాదు, అడిగితే చేసినవాళ్ళని చూశాను.

ఇంకో అభ్యంతరం న్యాయమైంది. కొన్ని ఊళ్ళలో నిజంగానే గదులు లేవు కదా, డబ్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, మ్యూనిక్ లాంటి చోట్ల అక్కడివాళ్ళకే దొరకట్లేదు, గైడ్ ఉత్తరం రాసినంత మాత్రాన గది పుట్టుకొస్తుందా అని. పుట్టుకురాదు, నిజమే. కానీ అలాంటి ఊళ్ళలోనే పిలిచినవాళ్ళ బాధ్యత ఇంకా పెరుగుతుంది. మొదటి రెండు వారాలు చదవాల్సినవీ నేర్చుకోవాల్సినవీ ఇంటినుంచే చేయించొచ్చు, వారంలో ఒకటి రెండు రోజులు రిమోట్ ఇస్తే పక్క ఊళ్ళో ఉండొచ్చు. జర్మనీలో 2023 మే నుంచి నెలకి ఒకే టికెట్‌తో దేశంలో లోకల్, రీజనల్ రైళ్ళన్నీ ఎక్కే సదుపాయం వచ్చాక ఈ దూరం లెక్క మారిపోయింది, మ్యూనిక్‌లో పనున్నా ఆగ్స్‌బర్గ్‌లో ఉండి రోజూ వచ్చిపోయేవాళ్ళున్నారు. ఐర్లండ్‌లో ఓనర్ తన ఇంట్లోనే ఒక గది విద్యార్థికిస్తే ఏడాదికి 14,000 యూరోల దాకా ఆ ఆదాయానికి పన్ను లేదు, అందుకే అక్కడ కుటుంబాల ఇళ్ళలో గదులు దొరుకుతాయి. కానీ ఓనర్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి మామూలు కిరాయిదారుకుండే రక్షణ ఉండదని తెలుసుకుని వెళ్ళాలి, గదికి తాళం ఉందా, వంటగది ఎప్పుడు వాడుకోవచ్చు, స్నేహితులు రావచ్చా, ఇవన్నీ ముందే రాతలో పెట్టించుకోవాలి. అలాంటి కుటుంబాల్లో తెలిసినవాళ్ళని చూపించగలిగేది కూడా ఆ ఊరివాళ్ళే.

సరే, సంస్థలు మారేదాకా స్టూడెంట్ ఏం చెయ్యాలి? ఆఫర్‌కి ఓకే చెప్పకముందే గది గురించి అడగాలి. ఓకే చెప్పాక అడిగితే జవాబు మర్యాదగా వస్తుంది, సాయం మాత్రం రాదు, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను. చాలామందికి భయం, అడిగితే ఆఫర్ వెనక్కి తీస్కుంటారేమో అని. గది గురించి అడిగినందుకు ఆఫర్ పోయిన కేసు నేను ఒక్కటి కూడా వినలేదు. ఎలా అడగాలంటే సాయం చెయ్యండి అని గాలిలో అడగొద్దు, దానికి ఒక హౌసింగ్ వెబ్‌సైట్ లింక్ పంపించి ఊరుకుంటారు. పోయిన ఏడు వచ్చిన ఇంటర్న్ ఎక్కడున్నారు, వాళ్ళతో నన్ను కలపగలరా? మీ గ్రూప్‌లో ఈ తేదీల్లో ఊళ్ళో ఉండనివాళ్ళు ఉన్నారా? లిస్టుకి మెయిల్ పెడతారా, మెయిల్ నేనే రాసి పంపిస్తాను? ఆ చివరిది బాగా పని చేస్తుంది, రాసిపెట్టిన మెయిల్‌ని ఫార్వర్డ్ చెయ్యటం ఎవరికీ బరువు కాదు. పోయినేటి ఇంటర్న్ దొరికితే సగం పని అయినట్టే, వాళ్ళకి ఓనర్లు తెలుసు, ఏ ఏరియా రాత్రిపూట మంచిది కాదో తెలుసు.

డిపాజిట్ విషయంలో చట్టం ఏ దేశంలో ఎంత ఒప్పుకుంటుందో తెలిస్తే బేరం దగ్గర ధైర్యం వస్తుంది. ఫ్రాన్స్‌లో 2018 నాటి ఎలాన్ చట్టంతో బై మొబిలిటే అని ఒక అగ్రిమెంట్ వచ్చింది, 1 నుంచి 10 నెలల దాకా, ఫర్నిచర్ ఉన్న ఇంటికి, విద్యార్థులకీ ఇంటర్న్‌లకీ సరిగ్గా సరిపోయేది, ఇందులో డిపాజిట్ అడగటమే నిషిద్ధం, వెళ్ళాలనుకుంటే నెల ముందు చెప్పి వెళ్ళొచ్చు. డిపాజిట్ లేదు కాబట్టి ఓనర్లు హామీ అడుగుతారు, దానికి విజాల్ అని ఫ్రీగా ఇచ్చే హామీ ఉంది, మీకు వర్తిస్తుందో లేదో చూస్కోవాలి. ఇంటర్న్‌ల కోసం చట్టం ఆలోచించటం అంటే ఇలా ఉండాలి, మిగతా దేశాలు దీన్ని చూసి నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదు, అది కూడా హీటింగ్ లాంటివి కలపని అద్దె మీద, దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. ఈ వాయిదాల సంగతి చాలామందికి తెలీదు, మొత్తం ఒకేసారి కట్టేస్తారు. నెదర్లాండ్స్‌లో 2023 జులై నుంచి రెండు నెలల కంటే ఎక్కువ తీస్కోకూడదు. ఇంగ్లండ్‌లో 2019 నుంచి మామూలు అద్దెలకి అయిదు వారాల అద్దే పరిమితి.

రిజిస్ట్రేషన్ గురించి ఒక ముక్క. జర్మనీలో ఇల్లు మారితే రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో నమోదు చేస్కోవాలి, దానికి ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి, గది ఇస్తాం కానీ రిజిస్ట్రేషన్ ఇవ్వం అనే ప్రకటనలు బోలెడు. విదేశంలో నివాసం ఉండి జర్మనీలో మూడు నెలల లోపు ఉండేవాళ్ళకి ఆ నమోదు తప్పనిసరి కాదు, నెదర్లాండ్స్‌లో అలాంటి గీత నాలుగు నెలల దగ్గర ఉంది. అయితే జీతం కోసం పన్ను నంబరో బ్యాంక్ అకౌంటో కావాలంటే ఆ నమోదే అవసరం పడొచ్చు, కాబట్టి గది ఖాయం చేసే ముందే హెచ్‌ఆర్‌ని అడిగేయండి మీకు ఏ కాగితాలు కావాలి అని.

మోసాల గురించి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. పద్ధతి దాదాపు ఎప్పుడూ ఒకటే. సెంటర్‌లో అందమైన ఫ్లాట్, అద్దె మిగతావాటి కంటే బాగా తక్కువ, ఓనర్ ప్రస్తుతం వేరే దేశంలో ఉద్యోగం మీద ఉన్నాడు, చూపించటానికి రాలేడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాడు, నమ్మకం కోసం తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపిస్తాడు. ఆ పాస్‌పోర్టు ఇంతకుముందు మోసపోయిన ఎవరిదో అయి ఉంటుంది. మీ కాపీ పంపితే రేపు మీ పేరుతో ఇంకొకరిని మోసం చేస్తారు, అందుకే ఎవరికి పంపాల్సి వచ్చినా కాపీ మీద అడ్డంగా ఫలానా ఇంటి అద్దె కోసం మాత్రమే అని తేదీతో రాసి, నంబర్ సగం కనపడకుండా చేసి పంపండి. లైవ్ వీడియో కాల్ అడగండి, రికార్డ్ చేసిన వీడియో కాదు, కాల్‌లో ఉండగానే కిటికీ తెరిచి బయట వీధి చూపించమనండి, కుళాయి తిప్పమనండి, బయటికొచ్చి బెల్ మీదున్న పేరు చూపించమనండి. నిజంగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఇది రెండు నిమిషాల పని, లేని మనిషి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. ఇంత చేసినా ఇవన్నీ ఒక మనిషి వెళ్ళి చూసి రావటానికి సరితూగవు, నేను పైన చెప్పిన పీహెచ్‌డీ అబ్బాయి కిటికీ తలుపు వేసి చూసినట్టు. మోసగాళ్ళు బతికేదే మధ్యలో ఉన్న ఆ దూరం మీద. ఆ దూరం ల్యాబ్‌వాళ్ళకి లేదు, వాళ్ళకి సైకిల్ మీద వెళ్ళేంత దగ్గర.

చాలామంది సీనియర్లు ఇచ్చే సలహా ఇంకోటుంది, ముందు వెళ్ళి హాస్టల్లో దిగి అక్కడే తిరిగి వెతుక్కో, ఎదురుగా చూస్తేనే మంచి గది దొరుకుతుంది అని. రెండేళ్ళ డిగ్రీకి వెళ్ళేవాళ్ళకి ఇది మంచి సలహానే. పది వారాల ఇంటర్న్‌షిప్‌కి కాదు. అందులో మూడు వారాలు పగలు పని, సాయంత్రం గదులు చూడటం, రాత్రి ఎనిమిది మంది పడుకునే డార్మిటరీ అయితే ఆ ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకునేదేంటి, గైడ్ దగ్గర మంచి పేరు వచ్చేదెలా? పైగా చేతిలో రోజులు అయిపోతున్న కొద్దీ ఏదో ఒకటి అని ఎక్కువ అద్దెకి ఒప్పేసుకుంటారు. తక్కువ కాలానికి వెళ్ళేవాళ్ళు విమానం ఎక్కేముందే కనీసం మొదటి నెలకైనా చోటు ఖాయం చేస్కోవాలి, అది దొరక్కపోతే మొదలయ్యే తేదీ జరపమని గైడ్‌ని అడగాలి. అడగటం వాళ్ళకి ఇబ్బంది అనుకోవద్దు, గది లేక సగం మనసుతో పని చేసే ఇంటర్న్‌తో వాళ్ళకే ఎక్కువ నష్టం.

ఇక దిగిన రోజున గది తీస్కునేటప్పుడు పదిహేను నిమిషాలు నిలబడి ప్రతి గోడా, నేలమీద గీతలూ, కిటికీ, పరుపూ ఫోటో తీయండి, మీటర్ ఉంటే రీడింగ్ కూడా, ఎన్ని తాళాలిచ్చారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నా గదికొచ్చిన అమ్మాయితో నేనూ ఇదే చేశాను, బల్ల మీద ముందే ఉన్న కాఫీ మరకతో సహా రాసుకున్నాం, ఫ్రిజ్‌లో తన అర ఏదో, చెత్త ఏ డబ్బాలో ఏది వెయ్యాలో, సెల్లార్‌లో సైకిల్ ఎక్కడ పెట్టాలో చూపించాను. వేసవి అయ్యాక డిపాజిట్ మొత్తం అదే వారం తిరిగి పంపేశాను, వాదనకి చోటే లేకపోయింది. తక్కువ రోజులుండే వాళ్ళకి డిపాజిట్ తిరిగి రాకపోవటం పెద్ద దెబ్బ, ఎందుకంటే దేశం దాటి వెళ్ళిపోయాక ఎవరి వెంట పడతారు?

ఇది చదువుతున్నవాళ్ళలో ఇప్పుడు విదేశంలో ఏదో ఒక ల్యాబ్‌లోనో కంపెనీలోనో ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారని తెలుసు. మీ గ్రూప్‌కి వచ్చే వేసవి ఇంటర్న్ వస్తున్నారేమో మీ గైడ్‌ని కనుక్కోండి. వస్తుంటే ఆ ఆఫర్ లెటర్‌లో వసతి గురించి ఉన్న ఆ ఒక్క లైను మార్చి, గది వెతకటంలో సాయానికి ఒకరి పేరు, మెయిల్ రాయమని అడగండి. ఆ పేరు మీదే అయినా పర్లేదు. మీరు గది ఖాళీ చేసే తేదీ తెలిసిన రోజునే అద్దె, తేదీలు, ఓనర్ పర్మిషన్ ఉందా లేదా, రిజిస్ట్రేషన్ ఇస్తారా లేదా, ఈ నాలుగూ రాసి గ్రూప్ లిస్టుకి పంపేయండి, సైట్‌లో ప్రకటన ఆ తర్వాత పెట్టొచ్చు.